‘ఆమే ఈమె అని తెలుసు, కానీ సిస్టం తీసుకోదు’

మొన్న ఎండాకాలంలో మా పెద్దమ్మను వెంటబెట్టుకుని ఒక ఆఫీసుకు వెళ్ళాను. పెద్దనాన్న పోయి అప్పటికి ఏడు నెలలు. వారసుల సర్టిఫికెట్ కావాలి. పెద్దమ్మ పేరు ఆధార్‌లో లక్ష్మి, రేషన్ కార్డులో లచ్చమ్మ, పాత కాగితాల్లో లక్ష్మమ్మ. ఊళ్ళో ఆమెను ఈ మూడు పేర్లలో ఏ పేరుతోనూ ఎవరూ పిలవరు, అది వేరే సంగతి.

సీట్లో ఉన్నాయన తెలిసినవాడే. మా పక్క ఊరు. పెద్దనాన్న దినాలకు వచ్చి భోంచేసి వెళ్ళినవాడు. కాగితాలు అటూ ఇటూ తిప్పి చూసి, “ఆమే ఈమె అని నాకు తెల్వదా సార్? కానీ సిస్టం తీసుకోదు,” అన్నాడు. లంచం కోసం తిప్పేవాళ్ళ మొహం నాకు తెలుసు, ఆ మొహం ఇది కాదు. నిజంగానే ఇబ్బంది పడుతున్నాడు. మౌస్ మీంచి చెయ్యి తీసి, ఖాళీ అరచెయ్యి చూపించాడు.

పెద్దమ్మ కాసేపు చూసి, “మరి ఆ సారు ఎక్కడ కూసుంటడు బిడ్డా?” అని అడిగింది.

అక్కడున్నవాళ్ళందరం నవ్వాం. బస్సెక్కాక కూడా ఆ మాటే చెవిలో తిరిగింది. ఎందుకంటే నేను చదువుకున్నదీ, పిల్లలకు చెబుతున్నదీ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్. పెద్దమ్మ అడిగిన ప్రశ్నకు నా నోట్సులో జవాబు లేదు.

నేను ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ ఫ్యాకల్టీని. పీరియడ్ల లెక్కన జీతం, అదీ బిల్లు పాసైనప్పుడు. కాబట్టి బ్యూరోక్రసీ చాప్టర్ చెప్పేటప్పుడు నా గొంతులో కొంచెం ఎక్కువ ఫీలింగ్ ఉంటుందని పిల్లలు అంటారు. ఆ చాప్టర్ చివర పదేళ్ళుగా డిక్టేట్ చేస్తున్న వాక్యం ఒకటుంది: కింది ఉద్యోగి చేతిలో విచక్షణాధికారం (సందర్భం చూసి సొంతంగా నిర్ణయించే వీలు) ఎంత ఎక్కువ ఉంటే అవినీతికి అంత ఆస్కారం, టెక్నాలజీతో దాన్ని తగ్గించడమే సుపరిపాలన. గ్రూప్స్‌కు ప్రిపేరయ్యే పిల్లలు దీని మీద పసుపు హైలైటర్ గీసుకుంటారు. పరీక్షలో రాస్తే మార్కులు పడతాయి కూడా.

ఆ వాక్యంలో సగం తప్పుంది. విచక్షణ తగ్గడం లేదు, చోటు మారుతోంది. సీట్లో కూర్చున్న మనిషి దగ్గర్నుంచి తీసేస్తే అది గాల్లో కలిసిపోదు. పేర్లు అక్షరం అక్షరం కలవాలని ఎవరో ఒకరు ఎక్కడో ఒక మీటింగులో నిర్ణయించారు. ‘విచారించాను, ఇద్దరూ ఒకరే’ అని అధికారి రాయడానికి ఒక గడి పెట్టకూడదని కూడా నిర్ణయించారు, లేదా పెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. అదీ విచక్షణే. కాకపోతే దానికి పేరు లేదు, సంతకం లేదు, సీటు లేదు. పెద్దమ్మ వెతుకుతున్న సారు అక్కడున్నాడు.

రెండు గంటలు కూర్చుని రండి

జూన్‌లో కాలేజీ తెరిచాక ఫైనలియర్ పిల్లలకు ఒక అసైన్‌మెంట్ ఇచ్చాను. ఏదైనా ప్రభుత్వ ఆఫీసులో రెండు గంటలు కూర్చోండి, ఎవరితోనూ గొడవ పెట్టుకోకండి, చూసింది రాయండి. టెక్స్ట్ బుక్ మాటలు వాడితే మార్కులు కోస్తానని కూడా చెప్పాను. అయినా సగం మంది ‘పారదర్శకత, జవాబుదారీతనం’ అంటూనే మొదలుపెట్టారు. వాళ్ళను అనడానికి లేదు, ఆ మాటలు నేర్పింది నేనే.

మిగతా సగంలో మాత్రం పాఠంలో లేనివి చాలా వచ్చాయి. ఒకమ్మాయి, ఆఫీసులో అందరికంటే పవర్ అటెండర్‌దని రాసింది. సార్ ఉన్నారా లేరా, ఉంటే ‘మీటింగులో’ ఉన్నారా, ఇదంతా ఆయన నోటి మాటే. ఒక రైతుకు ‘సోమవారం ప్రజావాణికి (ఫిర్యాదులు తీసుకునే రోజుకు) రా’ అని చెప్పి పంపించి, తర్వాత వచ్చిన ఇద్దరిని నేరుగా లోపలికి పంపాడట. విధాన నిర్ణయం సచివాలయంలో జరుగుతుంది, అమలు మండలంలో జరుగుతుంది అని మనం బోర్డు మీద గీసే బాణం గుర్తుకు మధ్యలో ఈ అటెండర్ నిలబడి ఉన్నాడు. అమెరికాలో మైకేల్ లిప్స్కీ 1980లో చెప్పింది కూడా ఇంచుమించు ఇదే. కౌంటర్ దగ్గరి గుమాస్తా, క్లాసులో టీచర్, రోడ్డు మీది కానిస్టేబుల్, వీళ్ళు రోజూ తీసుకునే చిన్నచిన్న నిర్ణయాలే జనానికి అందే అసలు పాలసీ అని. మన సిలబస్‌లో ఇది రెండు మార్కుల ప్రశ్న.

ఇంకో కుర్రాడు ఏం చేశాడంటే, రెండు గంటల్లో వచ్చిన ప్రతి మనిషినీ ఆఫీసువాళ్ళు ‘మీరు’ అన్నారా, ‘నువ్వు’ అన్నారా అని గీతలు గీసుకుంటూ లెక్కపెట్టాడు. పక్కన ఇంకో గడిలో, కూర్చోమన్నారా లేదా అని. ఇస్త్రీ చొక్కా, భుజానికి బ్యాగు ఉంటే ‘మీరు’. తలకు రుమాలు, చేతిలో క్యారీబ్యాగు ఉంటే ‘నువ్వు’. వయసుకూ దీనికీ సంబంధం లేదట. డెబ్బై ఏళ్ళ మనిషి ‘నువ్వే’, పాతికేళ్ళ రియల్ ఎస్టేట్ కుర్రాడు ‘మీరే’. తెలుగులో ఒక మనిషి స్థానమేమిటో క్రియాపదం చివర తెలిసిపోతుంది కదా. ఇంగ్లీషులో దొరకని కొలమానం ఇది.

ఆ కాగితం క్లాసులో చదివి వినిపించి, నా కొత్త అభిప్రాయం కొంచెం ఉత్సాహంగానే చెప్పాను. విచక్షణను మరీ అంత శత్రువులా చూడకూడదు, మనిషిని మనిషి చూసి నిర్ణయం తీసుకునే వీలు ఉండాలి, మా పెద్దమ్మ సంగతి చూడండి అని.

వెనక బెంచీ నుంచి ఆ గీతలు గీసిన కుర్రాడే లేచాడు. “సార్, మెషీన్ నన్ను నువ్వు అనదు.”

చెప్పులు చేతిలో పట్టుకున్న తాత

అతను అంతటితో ఆగలేదు. వాళ్ళ తాత, ఊరి భూమి లెక్కలు రాసే పట్వారీ గడీ ముందు చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడేవాడట. పహాణీలో (భూమి ఎవరి సాగులో ఉందో రాసే రికార్డులో) తన పేరు ఉందో లేదో చెప్పమంటే, ఆ పట్వారీ ‘ఉంటే ఉంటది, లేకపోతే లేదు, నీకెందుకురా’ అనేవాడట. “మీరు చెప్పే విచక్షణ అప్పుడు ఫుల్‌గా ఉంది సార్. మా తాతకు మాత్రం పట్టా రాలేదు.”

దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఇప్పుడు కూడా పూర్తిగా ఉందని చెప్పను. మీసేవలో ఇన్‌కం సర్టిఫికెట్ కోసం నిలబడ్డవాడి కులం కంప్యూటర్‌కు అక్కర్లేదు (కులం సర్టిఫికెట్ అయితే అక్కరే, అనుకోండి). 2018 మేలో రైతుబంధు మొదలైనప్పుడు చిన్న రైతు ఎవరి కాళ్ళూ పట్టుకోకుండా డబ్బు తీసుకున్నాడు. అంతకుముందు ఈసేవ రోజుల్లో హైదరాబాద్‌లో కరెంటు బిల్లు క్యూలో నిలబడ్డ నాలాంటివాడు ఆ కౌంటర్లను ఎంత మెచ్చుకున్నాడో నాకు గుర్తే. మనిషిని మధ్యలోంచి తీసేస్తే అవమానం కూడా తగ్గుతుంది. ఇది చిన్న విషయం కాదు. దీన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు, ఎప్పుడూ ‘మీరు’ అనిపించుకునే నాకు అసలే లేదు.

కానీ ఆ తాత కథను చివరిదాకా చూస్తే ఇంకొకటి కూడా కనబడుతుంది. పట్వారీలాగే వంశపారంపర్యంగా వచ్చే గ్రామ మునసబు పదవి మీద తెనాలి తాలూకాలో ఒక తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. వంశాన్ని చూసి ప్రభుత్వోద్యోగం ఇవ్వడం రాజ్యాంగానికి విరుద్ధమని 1960లో తీర్పొచ్చింది. తీర్పొచ్చినా దస్తరాల మూటలు అవే ఇళ్ళలో ఇంకో ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నాయి. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆర్డినెన్సుతో కరణాలను, మునసబులను, పటేల్ పట్వారీలను ఒక్క దెబ్బకు తీసేసింది. ఊళ్ళలో పండగ చేసుకున్నారని మా నాన్న చెప్పేవాడు. తర్వాత అదే పని చేయడానికి వేరే వేరే పేర్లతో మనుషులు వస్తూ పోతూ చివరికి వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) దగ్గర ఆగింది. 2020 సెప్టెంబరులో తెలంగాణ వీఆర్వో వ్యవస్థను రద్దు చేసింది. ఒక్క పూటలో రికార్డులు స్వాధీనం చేసుకున్నారు. అక్టోబరు 29న ధరణి అన్న ఆన్‌లైన్ భూమి రికార్డుల పోర్టల్ వచ్చింది. 2022లో ఆ వీఆర్వోలను లాటరీ తీసి ఇతర శాఖలకు పంచారు. భూమి లెక్క తప్ప ఇంకేమీ తెలియని మనిషి ఏ శాఖకు పోవాలో చీటీ నిర్ణయించింది. 2025లో ధరణి పోయి, కొత్త చట్టంతో భూభారతి వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరులో గ్రామ పాలన అధికారులన్న కొత్త పేరుతో వేల మందికి నియామక పత్రాలిచ్చారు. వాళ్ళంతా పాత వీఆర్వోలు, వాళ్ళ సహాయకులైన వీఆర్‌ఏల్లోంచి పరీక్ష పాసై వచ్చినవాళ్ళే.

ఊళ్ళో ఒక మనిషి ఉండక తప్పదని తెలుసుకోవడానికి అయిదేళ్ళు పట్టింది. ఆ అయిదేళ్ళలో ఏం జరిగిందో తెలంగాణ పల్లెల్లో అడగండి. రికార్డులో తప్పు పడితే, తప్పని అందరికీ తెలిసినా, తహసీల్దార్ స్థాయిలో సరిచేసే దారి చాలాకాలం మూసుకుపోయి ఉంది. చట్టంలో కింది అధికారికి సవరణ అధికారం లేదు, పైకి అప్పీలుకు సరైన మెట్టు లేదు. ఏ తప్పుకు ధరణిలో ఏ మాడ్యూల్ (ఏ రకం దరఖాస్తు) ఎంచుకోవాలన్నదే పెద్ద విద్య అయిపోయింది. తప్పు మాడ్యూల్ పెడితే రిజెక్ట్, ఫీజు గంగలో. ఆ విద్య తెలిసినవాడు కంప్యూటర్ ముందు కూర్చున్న ఆపరేటర్, లేకపోతే కలెక్టరేట్ బయట జిరాక్స్ షాపు పక్కన కుర్చీ వేసుకున్న మధ్యవర్తి. పట్వారీ పోయి మాడ్యూల్ పట్వారీ వచ్చాడు. భూభారతి చట్టంలో కింది స్థాయి సవరణలు, అప్పీళ్ళు మళ్ళీ పెట్టారంటే, మనిషి దగ్గర్నుంచి తీసేసిన విచక్షణను మెట్ల వారీగా తిరిగి మనిషికే ఇచ్చారని అర్థం.

ఆంధ్రలో దారి వేరు. అక్కడ మనుషుల్ని తీసేయలేదు, పెంచారు. 2019 ఆగస్టు 15 నుంచి యాభై ఇళ్ళకొక వాలంటీరు, అక్టోబరు 2 నుంచి గ్రామ సచివాలయాలు. గుమ్మం దగ్గరికి పింఛను రావడం ముసలివాళ్ళకు ఎంత ఊరటో కాదనలేం. కానీ ఆ వాలంటీరు ఎవరికి జవాబుదారీ, ప్రభుత్వానికా, పార్టీకా అన్న ప్రశ్న 2024 ఎన్నికల ముందు ఎన్నికల సంఘం దాకా వెళ్ళింది, పింఛన్ల పంపిణీ నుంచి వాళ్ళను తప్పించారు. మనిషిని పెట్టగానే సరిపోదన్నమాట. మా క్లాసు కుర్రాడు నవ్వుతాడేమో.

మెషీన్ నువ్వు అనదు, నిజమే. కానీ మెషీన్ ఏమీ అనకుండానే పేరు కొట్టేస్తుంది. తెలంగాణలో రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను ఊళ్ళోకి వెళ్ళి మళ్ళీ విచారించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. రిక్షా తొక్కే మనిషి ఇంటికి కారుందని కంప్యూటర్ తేల్చిన కేసు కూడా పత్రికల్లో వచ్చింది. దగ్గరి పేరున్న ఇంకెవరిదో కారు. మా పెద్దమ్మ విషయంలో పేర్లు అక్షరం తేడా ఉన్నా కుదరదన్నారు. ఆ ఇంటి విషయంలో తేడా ఉన్నా కుదిరిపోయింది. కాదనడానికి ఒక రూలు, ఉందనడానికి ఒక రూలు, రెండూ ఒకే పక్కకు వంగాయి.

గుడ్ల లెక్క

అసైన్‌మెంట్లలో నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది ఒకమ్మాయి రాసిన నాలుగు పేజీలు. ఆమె ఏ ఆఫీసుకూ వెళ్ళలేదు. వాళ్ళమ్మ అంగన్‌వాడీ టీచర్. ఆ సెంటర్‌లోనే కూర్చుని రాసింది.

ఊరి చివర ఇటుక బట్టీలు. చలికాలం మొదట్లో ఒడిశా నుంచి కూలీలు వస్తారు, వానలు పడే ముందు వెళ్ళిపోతారు. వాళ్ళ పిల్లలు ఈ సెంటర్ రిజిస్టర్‌లో లేరు. ఆధార్ అక్కడిది, కొందరికి అసలే లేదు. యాప్‌లో ఎక్కరు. కానీ మధ్యాహ్నం అన్నం వాసనకు గుమ్మం దగ్గరికొచ్చి నిలబడతారు. ఆరేళ్ళలోపు ప్రతి బిడ్డకూ ఈ సేవలు అందాలని సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది, అంటే ఆ పిల్లలకు హక్కుంది. వాళ్ళమ్మ ఏం చేస్తుందంటే, ఆ రోజు రాని పిల్లలకు హాజరు వేసి, వాళ్ళ గుడ్లు బట్టీ పిల్లలకు పెడుతుంది. ‘మా అమ్మ రాసే లెక్క తప్పు. పెట్టే గుడ్డు కరెక్ట్’ అని రాసింది ఆ అమ్మాయి. కింద ఇంకో వాక్యం కూడా ఉంది: ‘వేరే టీచర్లు ఇదే లెక్క రాసి గుడ్లు అమ్ముకుంటారు. రిజిస్టర్ చూస్తే ఎవరు ఏం చేశారో తెలియదు.’

ఆ చివరి వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. దొంగతనమూ దయా రిజిస్టర్‌లో ఒకేలా ఉన్నాయి. దొంగను పట్టుకోవడానికి ముఖం ఫొటో తీసి సరిపోల్చే పద్ధతి తెస్తే, దొంగ ఆగుతాడేమో, ఈమె మాత్రం తప్పకుండా ఆగుతుంది. అప్పుడు గుమ్మం దగ్గరి పిల్లలకు పెట్టేదేమీ ఉండదు. తేకపోతే గుడ్లు బజారుకు పోతాయి. ఏది మంచిదో క్లాసులో అడిగితే గట్టిగా చెప్పగలనని అనుకోను.

ఇలాంటి చోట మేం మాస్టార్లం వెంటనే ఎస్.ఆర్. శంకరన్ పేరు ఎత్తుకుంటాం. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టాన్ని కాగితం మీంచి పొలాల్లోకి తీసుకెళ్ళిన అధికారి, 2005లో పద్మభూషణ్ ఇస్తే వద్దన్న మనిషి. సివిల్స్‌లో ఎథిక్స్ పేపర్ వచ్చాక కోచింగుల్లో ఆయన ఒక రెడీమేడ్ ఉదాహరణ అయిపోయాడు, పేరు రాస్తే మార్కులని. ఆయన మీద నాకున్న గౌరవం కోచింగులు తగ్గించలేవు. కానీ ఆయన్ను తలుచుకుని మనం చేసే పొరపాటొకటుంది. విచక్షణను మంచిగా వాడటం మహానుభావుల పని అన్నట్టు చెబుతాం. అంగన్‌వాడీ టీచర్ మహానుభావురాలు కాదు. గౌరవ వేతనం మీద పనిచేస్తూ, ఇన్‌స్పెక్షన్ అంటే టెన్షన్ పడే మామూలు మనిషి. ఆమెకు కావాల్సింది ధైర్యం మీద పాఠం కాదు, రిజిస్టర్‌లో ఒక గడి. ‘రిజిస్టర్‌లో లేని పిల్లలు: ఆరుగురు. కారణం: బట్టీ కూలీల పిల్లలు.’ కింద ఆమె సంతకం. ఆ గడి ఉంటే ఆమె అబద్ధం రాయక్కర్లేదు. అమ్ముకునేవాడికి కూడా ఆ గడిలో అబద్ధం రాయడం కష్టం. బట్టీ దగ్గరికి వెళ్ళి తలలు లెక్కపెడితే తెలిసిపోతుంది.

రాసివ్వండి

అందుకని నా వాక్యాన్ని ఇలా మార్చుకున్నాను. మనిషి నిర్ణయించాలా మెషీన్ నిర్ణయించాలా అన్నది రెండో ప్రశ్న. కాదన్నవాడు ఎవరు, ఎందుకు కాదన్నాడు, ఇది కాగితం మీద ఉందా అన్నది మొదటిది. పట్వారీ ‘నీకెందుకురా’ అన్నాడు, సిస్టం ‘ఇన్‌వాలిడ్’ అంటోంది. తాతకూ పెద్దమ్మకూ దక్కనిది ఒకటే, కారణం.

నిజానికి ఇది చట్టంలో ఉంది. సమాచార హక్కు చట్టం అనగానే అందరికీ దరఖాస్తు, ముప్పై రోజులు, అంతే గుర్తు. అదే చట్టం సెక్షన్ 4(1)(డి) ప్రకారం, ఒక నిర్ణయం వల్ల ప్రభావితమైన మనిషికి దాని కారణాలు చెప్పడం ప్రభుత్వ కార్యాలయం బాధ్యత. దరఖాస్తు పెడితే చెప్పడం కాదు, తనంతట తానే. 2005 నుంచీ ఉంది. ఇరవై ఏళ్ళలో ఎన్ని కౌంటర్ల దగ్గర దీన్ని పాటించడం చూశారు? నేను చూడలేదు. చూడకపోగా, మొన్నటిదాకా పిల్లలకు చెప్పనూ లేదు, బిట్ పేపర్లో పడదని.

జూలైలో పెద్దమ్మతో మళ్ళీ అదే ఆఫీసుకు వెళ్ళాను. అదే మనిషి. “సర్టిఫికెట్ ఇవ్వకపోయినా పర్లేదు, ఎందుకు ఇవ్వడం లేదో రాసివ్వండి,” అన్నాను, సెక్షన్ నంబరు కూడా చెప్పాను. ఆయన మొహం చూస్తే జాలేసింది. లోపలికి వెళ్ళాడు, పావుగంట ఉన్నాడు. వచ్చి, ఇరుగు పొరుగు వాళ్ళ సాక్ష్యంతో పంచనామా, ఒక అఫిడవిట్ పెడితే పై సార్ సంతకంతో పంపవచ్చని చెప్పాడు. అంటే దారి ముందు నుంచీ ఉంది. మూడు వారాల్లో సర్టిఫికెట్ వచ్చింది.

ఇది గెలుపులా చెప్పుకోవాలనిపించింది, ఇంట్లో చెప్పుకున్నాను కూడా. కానీ క్లాసులో చెబుతుంటే ఆ కుర్రాడు ఏమంటాడో నాకు ముందే తెలిసిపోయింది. “మీరు సార్ కాబట్టి” అన్నాడు. అవును. పెద్దమ్మ ఒక్కతే వెళ్ళి ‘రాసియ్యి బిడ్డా’ అని ఉంటే, నవ్వి పంపేవాళ్ళు. కారణం అడగడానికి కూడా ‘మీరు’ అనిపించుకునే స్థాయి కావాలి. నేను చెప్పే పరిష్కారంలో ఈ చిల్లు అలాగే ఉంది, దాన్ని పూడ్చే మాట నాకింకా దొరకలేదు. ప్రతి రిజెక్షన్‌కూ కారణమూ, అప్పీలు ఎక్కడో, తెలుగులో అచ్చయిన చీటీ దానంతటదే బయటికి రావాలన్నంత వరకే నా ఆలోచన వెళ్ళింది. ఆ పని మాత్రం మెషీన్ బాగా చేస్తుంది. ఎవర్నీ నువ్వు అనకుండా.

అసైన్‌మెంట్లు దిద్ది ఇచ్చేశాను. గుడ్ల లెక్క రాసిన అమ్మాయికి ఇరవైకి పద్దెనిమిది. ఆమె కాగితాన్ని డిపార్ట్‌మెంట్ ఫైల్లో పెట్టలేదు, వాళ్ళమ్మ ఉద్యోగానికి ఏమైనా అవుతుందని నా డ్రాయర్‌లోనే ఉంచాను. రూలు ప్రకారం ఫైల్లో ఉండాలి. మర్నాడు ఆ అమ్మాయి స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గరికొచ్చి, “సార్, రెండు మార్కులు ఎందుకు పోయాయి?” అని అడిగింది. ఇరవైకి ఇరవై వేయకూడదన్న అలవాటు తప్ప ఏ కారణమూ లేదు. రేపు చెబుతానని పంపించాను. రాసివ్వమని ఆమె ఇంకా అడగలేదు.